ముందు గుర్తింపు, తర్వాత తొలగింపు

మా కార్యాలయాన్ని ఎవరైనా తిడితే నాకు ఒళ్లు మండుతుంది. ఇక్కడ పనులు జరగవంటారు. జరగకేం, బ్రహ్మాండంగా జరుగుతాయి. కాకపోతే వరుసలో జరుగుతాయి. ముందు జరగాల్సింది ముందు, తర్వాత జరగాల్సింది తర్వాత. ఆ రెంటికీ నడుమ కాస్త వ్యవధి ఉంటుంది. దాన్ని బయటివాళ్లు ఆలస్యం అంటారు, మేం పరిపాలన అంటాం. జిల్లా వసతి సదుపాయాల కార్యాలయంలో సూపరింటెండెంటుగా నా ఉద్యోగమల్లా ఆ వ్యవధిని కాపాడటమే.

కిందటేడు ఎండలు ముదరబోయే ముందు మా పై కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. దాని పుట్టుక గురించి నేను విన్నది ఇదీ. ఇంకేదో జిల్లాలో, వసతి గృహంలో సరుకులు చూసే ఆయన ఒకరోజు కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి పనిలోకి వచ్చాడట. బస్తా మూతి విప్పితే లోపల నల్లగా, గుండ్రంగా, చిన్నచిన్నవి కుప్పలు కుప్పలుగా కనిపించాయి. పురుగులనుకొని బస్తాలకు బస్తాలు కాలవలో పారబోయించాడు. అవి ఆవాలు. ఆ నెలంతా పోపు లేని పప్పు తిన్న పిల్లలు కంచాలు వాయిస్తూ రోడ్డెక్కారు. పై కార్యాలయం తలపట్టుకొని కూర్చుని, మళ్లీ ఇలాంటిది జరగకుండా ఈ వాక్యం కనిపెట్టింది.

"చిన్నదైనను, పెద్దదైనను, ముందుగా విధిగా గుర్తించనిదే దేనినీ తొలగించరాదు. గుర్తింపు ముందు, తొలగింపు తర్వాత. ఈ వరుసను ఉల్లంఘించినవారు తీవ్ర చర్యకు బాధ్యులగుదురు."

పైన 'విషయము' అని రాసే చోట మాత్రం 'చిరు కీటకముల నిర్మూలన' అని ఉంది. కానీ మా శాఖలో విషయం జోలికి ఎవరూ పోరు.

సర్క్యులర్‌ను మా జిల్లా అధికారి పరాంకుశం గారు రెండుసార్లు చదివారు. ఆయన ఏ కాగితాన్నయినా రెండుసార్లు చదువుతారు. మొదటిసారి అర్థం చేసుకోవడానికి, రెండోసారి ఆ అర్థం తప్పని తేల్చుకోవడానికి.

"గుర్తింపు ముందు, తొలగింపు తర్వాత. ఎంత లోతైన మాటండీ!" అన్నారు నాతో. "పరిపాలన మొత్తం ఈ నాలుగు మాటల్లో ఇమిడిపోయింది."

అవునన్నాను. అధికారి లోతు చూసినప్పుడు సూపరింటెండెంటు ఒడ్డున నిలబడటం మర్యాద కాదు.

ఆ వారంలోనే హైమావతి గారు వచ్చారు. పాత బస్టాండు వెనక ఇంటర్ చదివే ఆడపిల్లల వసతి గృహానికి ఆవిడ ఇన్‌చార్జి వార్డెన్. ఇన్‌చార్జి అంటే అసలు వార్డెన్ వచ్చేదాకా చూసుకునే మనిషి. ఆ అసలు వార్డెన్ పద్దెనిమిదేళ్లుగా రాలేదు. శాఖ హైమావతి గారిని అప్పటికీ గుర్తించలేదు, అంటే పర్మనెంట్ చేయలేదు. ఏటా మార్చి ఆఖరున ఆవిడ ఉద్యోగం పోయేది, ఏప్రిల్‌లో మళ్లీ వచ్చేది. నడుమ ఉద్యోగం లేని రోజున కూడా ఆవిడ పిల్లలకు అన్నం వండించి పెడుతూనే ఉండేవారు. అది అనధికారికం కాబట్టి మేం పట్టించుకునేవాళ్లం కాదు.

ఆవిడతోపాటు ఝాన్సీ అనే రెండో ఏడాది పిల్ల కూడా వచ్చింది. పిల్ల రెండు చేతుల మీదా వరసగా ఎర్రటి దద్దుర్లు.

"సార్, నల్లులు మస్తయినయ్" అన్నారు హైమావతి గారు. "పిల్లలు పండుకుంటలేరు. రాత్రంత గోక్కునుడు, పగలంత క్లాసుల తూగుడు. పరీక్షలు నెత్తి మీదికొచ్చినయ్. మీరు ఊ అంటే, మంచాలన్ని బయటేసి, నీళ్లు మసలవెట్టి పోసి, ఎండల వెడత. నాలుగు రోజులల్ల సాఫయితయ్."

"చదివింది నెత్తికెక్కుతలేదు సార్" అంది ఝాన్సీ. "ఎక్కేటియన్ని నల్లులే."

పరాంకుశం గారు వేళ్లు ఒకదానితో ఒకటి ముడివేసి, "అవి నల్లులని మీరెలా అంటున్నారు?" అని అడిగారు.

"కుడుతున్నయ్ గద సార్."

"కుట్టినంత మాత్రాన నల్లి అనలేం. దోమ కుడుతుంది. చీమ కుడుతుంది. మొన్న నన్ను కొత్త చెప్పు కూడా కరిచింది."

"కండ్లతోటి చూసిన సార్! మంచం పట్టెల సందుల లైనుగ కూసున్నయ్."

"చూడటం వేరు, గుర్తించడం వేరమ్మా." ఆయన గొంతు కాస్త వణికింది. "ఈ శాఖలో నన్ను ఇరవయ్యారేళ్లుగా అందరూ చూస్తూనే ఉన్నారు. ఒక్కరైనా గుర్తించారా?"

నేను తల దించుకున్నాను. హైమావతి గారు మాత్రం దించుకోలేదు. "నన్ను గూడ పద్దెనిమిదేండ్ల సంది చూస్తనే ఉన్నరు సార్" అన్నారు మెల్లగా.

అధికారి గారు సర్క్యులర్ తీసి మూడోసారి చదవడం మొదలుపెట్టారు. మూడోసారి చదివారంటే కమిటీ పడుతుందని నాకు అనుభవం.

పడింది. దాని పేరు గుర్తింపు సంఘం. మర్నాడు పొద్దున్నే 'గుర్తింపు సంఘం సమావేశము' అని నోటీసు బోర్డు మీద అంటించాం. పదకొండు కొట్టేసరికి బయట నినాదాలు వినిపించాయి. తీరా చూస్తే మా నాలుగో తరగతి, తాత్కాలిక ఉద్యోగుల యూనియన్ నాయకుడు సాయిలు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొని, మెడలో బంతిపూల దండతో, పదిమందిని వెంటేసుకొని వస్తున్నాడు. మా వైపు గుర్తింపు సంఘం అంటే యాజమాన్యం ఒప్పుకున్న యూనియన్ అని అర్థం. ఆ గుర్తింపు కోసం ఆయన చేయని ధర్నా లేదు, ఇవ్వని వినతిపత్రం లేదు. నోటీసు చూసి తన రోజు వచ్చిందనుకున్నాడు పాపం.

సంగతి తెలిశాక దండ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మాకియ్యని గుర్తింపు నల్లులకిస్తరా సార్?"

"మీది దరఖాస్తు దశలో ఉంది" అన్నారు పరాంకుశం గారు. "వారిది సర్క్యులర్ దశలో ఉంది."

సాయిలు గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. కోపంలో కూడా ఆలోచించగలగడం ఆయనకున్న గొప్ప గుణం. "సరే, ఇయ్యిన్రి. ఇచ్చినంక మల్ల ఊకెనే తీసెయ్యరాదు. గుర్తింపున్నోన్ని తొలగించాలంటే నోటీసుండాలె, విచారణుండాలె. ఇయ్యాల నల్లిని నోటీసు లేకుండ తీసేసిన్రనుకో, రేపు నన్ను తీసేస్తరు. మా యూనియన్ ఊకోదు!"

వెనక ఉన్నవాళ్లు జిందాబాద్ అన్నారు. ఎవరికో వాళ్లకే తెలియదు.

నేను నవ్వబోయాను. పరాంకుశం గారి ముఖం చూసి ఆపుకున్నాను. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "సూపరింటెండెంట్ గారూ, ఈయన చెప్పింది అక్షరాలా నిజం. తొలగింపు అనే మాట మన దగ్గర ఎక్కడుంది? సర్వీసు నిబంధనల్లో ఉంది. అంటే సర్క్యులర్ పంపినవారి ఉద్దేశం కూడా అదే అయ్యుండాలి. నిబంధనల పుస్తకం తెండి" అన్నారు.

తెచ్చాను. ఆ క్షణం నుంచి నల్లుల వ్యవహారం మా పారిశుద్ధ్య విభాగం నుంచి సిబ్బంది విభాగానికి, అంటే నా టేబుల్ మీదికి వచ్చింది.

ముందు గుర్తింపు జరగాలి. నమూనాగా ఒక నల్లిని పంపమని రాశాం. ఝాన్సీ అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చిచ్చింది. దాన్ని ఊళ్లో ఉంటున్న రిటైరైన జంతుశాస్త్రం లెక్చరర్ గారికి పంపాం. ఆయన అగ్గిపెట్టె తెరిచి, భూతద్దం కూడా అడక్కుండా, "ఇది నల్లి. దీనికి నా దగ్గరికెందుకు?" అన్నారు. ఆ రెండో వాక్యం కొట్టేసి, మొదటి వాక్యాన్ని 'సదరు నల్లి నల్లియేనని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది' అని టైపు చేయించి సంతకం పెట్టించుకొచ్చాం.

పరాంకుశం గారు చదివి, "ఇది నల్లి. ఒప్పుకుంటాను. మిగతావాటి సంగతి?" అన్నారు.

"అవీ నల్లులే సార్. అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి."

"ఒక్క తీరుగా ఉన్నంత మాత్రాన సరిపోతుందా? మన ఉద్యోగులంతా ఒక్క తీరుగానే ఉంటారు. సర్వీసు ఒక్కటేనా?"

చివరికి హైమావతి గారి చేత హామీ తీసుకున్నాం. తన వసతి గృహంలో ఉన్న తతిమ్మా నల్లులన్నీ నల్లులేననీ, తర్వాత వేరే ఏదైనా తేలితే బాధ్యత తనదేననీ ఆవిడ సంతకం పెట్టారు. పెట్టేటప్పుడు ఆవిడ పెదవులు కదిలాయి. ఏమన్నారో నాకు వినపడలేదు, వినపడకపోవడమే మంచిదనిపించింది.

ఈ లోపల చిన్న విశేషం జరిగింది. నమూనాను ఫైలుకు జతపరుద్దామని అధికారి గారి బల్ల మీద అగ్గిపెట్టె తెరిస్తే లోపల ఏమీ లేదు. నేనేం కంగారు పడలేదు. ఒకసారి మా కార్యాలయంలోకి వచ్చినవారు బయటికి దారి తెలియక ఏళ్లకేళ్లు ఇక్కడే తిరుగుతుంటారు. అదీ ఎక్కడో తిరుగుతూ ఉంటుందిలే అనుకొని, 'నమూనా కార్యాలయమునందే ఉన్నది' అని రాశాను. అది అబద్ధం కాదని తర్వాత తేలింది.

గుర్తింపు ముద్ర వేయడానికి నేనూ మా వాళ్లూ వసతి గృహానికి వెళ్లి, మంచం మంచానికీ నంబరు వేసి, 'ఇందలి నల్లులు గుర్తించబడినవి' అని ఊదారంగు ముద్ర కొట్టాం. ఝాన్సీ పక్కనే నిలబడి గోక్కుంటూ చూసింది.

"సార్, మా రూముల బల్బు పోయిందని రాసిచ్చి ఏడాదాయె. దాన్నెప్పుడు గుర్తిస్తరు?" అని అడిగింది.

"అది విద్యుత్ విభాగం" అన్నాను. పిల్లలకు విభాగాల సంగతి బడిలోనే చెప్పాలి.

గుర్తింపు అయ్యాక సంజాయిషీ నోటీసు. ఆ ముసాయిదా నేనే రాశాను. నా చేతి మీదుగా వెళ్లిన మంచి ముసాయిదాల్లో అదొకటని ఇప్పటికీ అనుకుంటాను. "మీరు సదరు మంచమునందు ఎట్టి కేటాయింపు ఉత్తర్వులు లేకుండా కుటుంబ సమేతముగా నివసించుచు, నిద్రించుచున్న విద్యార్థినుల రక్తమును పీల్చుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. మిమ్ములను ఏల తొలగించరాదో వారము దినములలోగా వ్రాతపూర్వకముగా తెలియజేయవలెను. లేనిచో మీరు చెప్పుకొనునది ఏమియు లేదని భావించబడును."

నోటీసు నేరుగా చేతికివ్వాలని నిబంధన. అందుకోవడానికి వారు ముందుకు రాలేదు కాబట్టి, మైదాపిండి ఉడికించి ప్రతి మంచం పట్టెకూ అంటించాం. మూడో రోజున హైమావతి గారు పరుగున వచ్చారు. కొంగుతో ముఖం తుడుచుకుంటున్నారు.

"సార్, మీ నోటీసుల ఎనుక సంసారాలు వెట్టినయ్ సార్ అయి! ఇంతకు ముందు సందులల్లనే ఉండె. ఇప్పుడు కాయితం కింద చల్లగున్నదని అన్ని గాడికే జేరినయ్. గుడ్లు గూడ వెట్టినయ్!"

"అంటే నోటీసు అందినట్టే" అన్నారు పరాంకుశం గారు తృప్తిగా. "స్వీకరించినట్టు నమోదు చేయండి."

"పిల్లలకు రేపటి తెల్లారి ప్రాక్టికల్స్ సార్."

"నిబంధనలో ప్రాక్టికల్స్ లేవమ్మా. అంతా థియరీయే."

సంజాయిషీ రాలేదు. అందుచేత విచారణాధికారిని వేశాం. పక్క డివిజన్ నుంచి వచ్చిన ఆయన చాలా నిష్ఠగల మనిషి. ఆడపిల్లల వసతి గృహంలో పడుకోవడం సభ్యత కాదని, ఏడో నంబరు మంచాన్ని ప్రయాణికుల బంగళాకు తెప్పించుకొని, దాని మీద ఒక రాత్రి పడుకొని నివేదిక రాశారు. ఎర్రబడిన కళ్లతో, ఒక చేత్తో వీపు గోక్కుంటూ, ఇంకో చేత్తో ఆ నివేదిక మాకు అందించారు. దాన్ని చదువుతుంటే మా అధికారి గారికి ఒళ్లు పులకరించింది.

విచారణాధికారి గారు చూసినంతలో సదరు నల్లులు ప్రతిరోజూ వేళకు విధులకు హాజరవుతున్నాయి. ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. సీటు వదిలి టీకి పోలేదు. తమ వద్దకు వచ్చిన ఏ ఒక్కరినీ రేపు రమ్మనలేదు. ఈ శాఖలో ఇంతటి హాజరు లోగడ నమోదు కాలేదు. పైగా వారి విధి ఏమిటో ఎక్కడా నిర్దేశించి లేనందున, విధి నిర్వహణలో నిర్లక్ష్యం అనే అభియోగం రుజువు కాలేదు. మరింత లోతుగా ఇంకో విచారణ అవసరం. అంతవరకు యథాస్థితి.

"యథాస్థితి అంటే?" అని అడిగారు హైమావతి గారు.

"ఎవరెక్కడున్నారో అక్కడే ఉండాలి" అని చెప్పాను. "మంచాలు కదపరాదు. సాక్ష్యం చెదిరిపోతుంది."

బదిలీ చేస్తే ఎలా ఉంటుందని పరాంకుశం గారికి ఒక ఆలోచన వచ్చింది. కౌన్సెలింగ్ లేకుండా బదిలీ ఎట్ల జేస్తరని సాయిలు అడ్డుపడ్డాడు. గర్భిణులకు బదిలీలో మినహాయింపు ఉంటుందని కూడా గుర్తు చేశాడు. నోటీసుల వెనక గుడ్ల సంగతి ఆయన దాకా వెళ్లింది మరి. ఆయన నల్లుల మీద ప్రేమతో అనలేదు. పన్నెండేళ్లుగా తాత్కాలికంగా ఊడుస్తున్న వాళ్లకు లేని హక్కులన్నీ ఒక్కొక్కటే నల్లుల పేరుతో కాగితం మీదికి వస్తుంటే, వచ్చినవి రానీ అనుకున్నాడు.

ఈ చర్చ మధ్యలో పరాంకుశం గారు కుర్చీలోంచి ఎగిరి నిలబడ్డారు.

ఆయనది పాతకాలపు పేము కుర్చీ. అల్లిక నిండా సందులే. ఆయన వెనక్కి తిరిగి కుర్చీ వైపు చూశారు, నా వైపు చూశారు. నేను ఖాళీ అగ్గిపెట్టెను తలుచుకున్నాను.

"నమూనా కార్యాలయమునందే ఉన్నది" అన్నాను మెల్లగా.

ఇంకొకరైతే చెప్పు తీసి అక్కడికక్కడే తేల్చేసేవారు. మా పరాంకుశం గారు అలాంటి మనిషి కాదు. ఆయన ముఖంలో రెండు నిమిషాలు యుద్ధం జరిగింది. తర్వాత మెడ నిటారుగా పెట్టి, "అది గుర్తింపు పొందిన నల్లి. పైగా అందరికంటే ముందు గుర్తింపు పొందినది. దాని సీనియారిటీని నేను గౌరవించాలి. ఈ కుర్చీకి యథాస్థితి వర్తిస్తుంది" అన్నారు.

ఆ రోజు నుంచి ఆయన నిలబడి సంతకాలు పెట్టారు. నిలబడి భోజనం చేశారు. ఆయన నిలబడ్డారు కాబట్టి మేమూ నిలబడ్డాం. నమ్మిన దాని కోసం నిలబడే అధికారులను నేను చాలామందిని చూశాను గానీ, నిజంగా కాళ్ల మీద నిలబడ్డ అధికారి ఆయనొక్కరే.

ఇంక మూడు రోజుల్లో పరీక్షలనగా హైమావతి గారు మళ్లీ వచ్చారు. ఈసారి అధికారి గారి గదిలోకి వెళ్లకుండా నా బల్ల ముందు ఆగారు. కళ్ల కింద నల్లగా ఉంది. పిల్లలను వరండాలో పడుకోబెట్టి, దోమలకు విసురుతూ తానే కూర్చుంటున్నారట.

"సార్, ఒక్క మాట సీదా చెప్పున్రి. అయిటిని తొలగించేదానికి ఇంకెన్ని దినాలు వడతది?"

నేను లెక్క కట్టి చెప్పాను. రెండో విచారణ, రెండో నోటీసు, అప్పీలు, పునఃపరిశీలన, ఆ పైన కోర్టు. "తొందర పెడితే తొమ్మిదేళ్లు."

"అప్పటికి ఈ పిల్లలకు పిల్లలయితరు" అన్నారావిడ. "మరి నన్ను తొలగించేదానికి?"

"మీకా? మీది తాత్కాలికం గదమ్మా. ఒక్క కాగితం. సాయంత్రానికల్లా అయిపోతుంది."

ఆవిడ తలూపారు. "నల్లిని తీసుడు కంటె నన్ను తీసుడే అల్కగ అన్నట్టు."

ఇంత సర్వీసులో నేను చెప్పిన జవాబులన్నీ నిబంధన ప్రకారమే చెప్పాను. ఏ జవాబుకూ నాకు బాధ కలగలేదు. ఆ రోజు కలిగింది. కూర్చోమందామనుకున్నాను. ఆవిడ అప్పటికే మెట్లు దిగిపోతున్నారు.

మర్నాడు పొద్దున పాత బస్టాండు వెనక నుంచి పొగ లేస్తోందని కబురు వచ్చింది. ఆపి రమ్మని అధికారి గారు నన్ను పంపారు. వెళ్లేసరికి వసతి గృహం వాకిలి పెళ్లివారి విడిదిలా ఉంది. మూడు పొయ్యిల మీద మూడు గంగాళాలు కుతకుతలాడుతున్నాయి. పిల్లలు మంచాలు ఎత్తుకొచ్చి తలకిందులుగా పడేస్తున్నారు. పరుపులు గోడల మీద ఎండుతున్నాయి. ఝాన్సీ పావడా దోపుకొని, మా నోటీసులను చెంచాతో గీకి పొయ్యిలో వేస్తోంది. నా ముసాయిదా మంటల్లో ముడుచుకుపోతుంటే ప్రాణం చివుక్కుమంది.

"అమ్మా, మీరు వరుస తప్పుతున్నారు" అన్నాను.

"ఎరికనే సార్" అన్నారు హైమావతి గారు, రెండు చేతులా గుడ్డ పట్టుకొని గంగాళం దింపుతూ. "జర పక్కకు జరుగున్రి. నీళ్లు కాలు మీద వడతయ్."

జరిగాను. మంచం పట్టెల మీద నీళ్లు పడ్డప్పుడల్లా పిల్లలు కేరింతలు కొట్టారు. సందుల్లోంచి బయటపడ్డవి వరసగా కొట్టుకుపోయాయి. కేటాయింపు ఉత్తర్వులు లేవు, సంజాయిషీ లేదు, అప్పీలు లేదు. ఇంత పని ఇంత తొందరగా జరగడం నేను కళ్లారా చూడటం అదే మొదలు. నాకు కాస్త కళ్లు తిరిగినట్టయింది. ఝాన్సీ స్టూలు తెచ్చి వేసి, "కూసోండి సార్, దీన్ల ఏం లెవ్వు" అంది. చాలా రోజుల తర్వాత నేను కూర్చున్నాను.

ఆ రాత్రి పిల్లలందరూ నిద్రపోయారు. ఎంత నిద్రపోయారంటే, పొద్దున టిఫిన్ గంట మూడుసార్లు కొట్టాల్సి వచ్చిందట. రెండో రోజూ అలాగే పడుకొని, మూడో రోజున పరీక్షకు వెళ్లారు.

పరాంకుశం గారు మాత్రం నిలబడే హైమావతి గారి తొలగింపు ఉత్తర్వులు చెప్పారు, నేను రాసుకున్నాను. "విచారణలో ఉన్న గుర్తింపు పొందిన నల్లులను వేడినీటితో..." అనే దగ్గర ఆయన గొంతు మళ్లీ వణికింది. టైపు చేసి ఆయన ముందు పెట్టాను. నా వేళ్లు ఆ రోజు ఎందుకో చాలా మెల్లగా కదిలాయి. దాంతో సాయంత్రమైంది. సంతకానికి ఆయన కలం మూత తీస్తుండగా సాయిలు తలుపు తోసుకొని వచ్చాడు. చేతిలో సర్క్యులర్ నకలు.

"సార్, ఇది మీరే సదివి మాకు పంచిన్రు. చిన్నదైనను, పెద్దదైనను, ముందుగాల గుర్తించనిదే దేనినీ తొలగించరాదు. అవునా, కాదా?"

"అవును."

"హైమావతమ్మను శాఖ గుర్తించిందా?"

పరాంకుశం గారి కలం ఆగిపోయింది. "ఇది కీటకాల గురించయ్యా" అన్నారు.

"కీటకాలని యాడున్నది సార్? పైన విషయంల ఉన్నది. విషయం మనం ఎన్నడన్న సూసినమా? కింద సూడున్రి. చిన్నదైనను అంటే నల్లి. పెద్దదైనను అంటే ఎవలు మరి?"

అధికారి గారు సర్క్యులర్ అందుకొని నాలుగోసారి చదివారు. ఆయన అంత శ్రద్ధగా చదవగా నేను ఎప్పుడూ చూడలేదు. చివరికి నా వైపు తిరిగి, "సూపరింటెండెంట్ గారూ, మీరేమంటారు?" అన్నారు.

నేను నిబంధనల మనిషిని. జాలితో మాట్లాడలేదు, నిబంధన ప్రకారమే మాట్లాడాను. "వరుస స్పష్టంగా ఉంది సార్. నల్లిని కూడా గుర్తించకుండా తొలగించలేకపోయాం. వార్డెన్‌ను గుర్తించకుండా తొలగిస్తే, ఉల్లంఘన మన మీదికి వస్తుంది. ముందు ఆవిణ్ని పర్మనెంట్ చేయాలి. ఆ తర్వాత నిక్షేపంగా తొలగించవచ్చు."

"గుర్తింపు ముందు, తొలగింపు తర్వాత" అని ఆయన గొణుక్కున్నారు. తర్వాత తొలగింపు కాగితాన్ని పక్కన పెట్టి, "అయితే ఆవిణ్ని వెంటనే గుర్తించండి! ఆవిణ్ని తొలగించడంలో ఒక్క క్షణం కూడా ఆలస్యం జరగడానికి వీల్లేదు!" అన్నారు ఆవేశంగా.

మా శాఖలో పద్దెనిమిదేళ్లు కదలని ఫైలు రెండు రోజుల్లో పై కార్యాలయానికి వెళ్లి వచ్చింది. తొలగించడానికి అని రాస్తే మా వాళ్లు ఎంత చురుగ్గా ఉంటారో నాకు అప్పుడే తెలిసింది. అదే దారిలో, ఎప్పటికైనా తొలగించాల్సి రావచ్చుననే ముందుచూపుతో, సాయిలు తన ఊడ్చేవాళ్ల పేర్లు కూడా పెట్టించాడు. ఆ మార్చి ఆఖరున హైమావతి గారి ఉద్యోగం పోలేదు.

గుర్తింపు కార్డు తీసుకోవడానికి ఆవిడ వచ్చిన రోజున ఝాన్సీ కూడా వెంట వచ్చింది. పరీక్షలు బాగా రాసిందట. చేతుల మీద దద్దుర్లు మాసిపోయాయి. హైమావతి గారు కార్డును రెండు చేతులతో అందుకొని, దాని మీద తన ఫొటోను చాలాసేపు చూసుకున్నారు. కొంగుతో ఒకసారి తుడిచారు. నేను కిటికీ వైపు చూశాను.

"దీనితోపాటు మీకు సంజాయిషీ నోటీసు కూడా ఉందమ్మా" అన్నారు పరాంకుశం గారు. "తొలగింపు ప్రక్రియ ఈ రోజు నుంచి మొదలు."

"తొమ్మిదేండ్లు గద సార్?" అన్నారావిడ, నా వైపు చూస్తూ.

"తొందర పెడితే" అన్నాను నేను. తొందర పెట్టడం నా చేతుల్లో ఉంది. ఆవిడ సర్వీసు ఇంక ఏడేళ్లే ఉంది.

ఆవిడ నోటీసు మడిచి సంచిలో పెట్టుకొని, వెళ్లబోతూ ఆగారు. "మీరెందుకు నిలవడ్డరు సార్? కూసోండి."

"కుర్చీ విచారణలో ఉందమ్మా" అన్నారు ఆయన. అంటూ ఎడమకాలి మీంచి కుడికాలి మీదికి బరువు మార్చుకున్నారు. మొదటిసారిగా ఆయన గొంతులో నిబంధన కాక నొప్పి వినపడింది.

హైమావతి గారు పేము కుర్చీ వైపు చూశారు. ఝాన్సీ హైమావతి గారి వైపు చూసింది. "కింద క్యాంటీన్ల నీళ్లు మసులుతున్నయ్ మేడం" అంది.

పరాంకుశం గారు కుర్చీని చూశారు. గోడకు అంటించుకున్న సర్క్యులర్‌ను చూశారు. తర్వాత చాలా మృదువుగా నన్ను పిలిచారు.

"సూపరింటెండెంట్ గారూ, మీరు కాసేపు టీకి వెళ్లి రండి."

వెళ్లాను. మా శాఖలో టీకి వెళ్లడానికి ఎవరి గుర్తింపూ అక్కర్లేదు.